‘క్యాన్సర్ మా రక్తంలోనే ఉంది, ఇక గుట్కా మానేసి ఏం లాభం?’ అని అడిగిన పరకాల తమ్ముడికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి క్లుప్తంగా మళ్లీ చెప్తాను. మీకు 31 ఏళ్లు, పరకాల దగ్గర ఊరు. నాన్న తంబాకు నమిలేవారు, 54 ఏళ్లకు నోటి క్యాన్సర్‌తో పోయారు. పెద్దనాన్న బీడీలు తాగేవారు, ఆయనకు గొంతు క్యాన్సర్. మేనత్తకు 43 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్ అయ్యి, ఇప్పుడు బాగానే ఉన్నారు. నాన్నమ్మ 50 దాటకముందే ‘కడుపులో గడ్డ లేచి, నీరు పట్టి’ పోయిందని ఇంట్లో చెప్తారు. తాత మాత్రం 88 ఏళ్ల దాకా చుట్ట తాగినా ఏ క్యాన్సరూ రాలేదు. మీరు ఎనిమిదేళ్లుగా రోజుకు నాలుగైదు గుట్కా పాకెట్లు వేసుకుంటున్నారు. ఈ మధ్య నోరు మునుపటంత తెరుచుకోవడం లేదు, కారం తగిలితే మంట. ‘మన వంశంలోనే ఉంది, మానినా వచ్చేది రాక మానదు’ అంటున్నారు ఇంట్లో. జీన్ టెస్ట్ చేయించుకుంటే విషయం తేలిపోతుందా, 27 ఏళ్ల చెల్లెలికి కూడా చేయించాలా అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు. గుట్కా ఈరోజే ఆపండి. మీ వంశంలో జన్యు లోపం ఉందని రేపు తేలినా ఈ మాట మారదు. ఉంటే ఇంకా గట్టిగా చెప్పాల్సిన మాట ఇది. నోరు ఈ వారంలోనే చూపించుకోండి. జీన్ టెస్ట్ ముందుగా చేయించాల్సింది మీకూ కాదు, చెల్లెలికీ కాదు, మీ మేనత్తకు. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగే అవుతుంది.

నేను హన్మకొండలో 22 ఏళ్లుగా క్యాన్సర్ రోగులను చూస్తున్నాను. భూపాలపల్లి, ములుగు, జనగామ, మహబూబాబాద్, హుజూరాబాద్ వైపు నుంచి వస్తారు. ‘మా రక్తంలోనే ఉంది సార్’ అన్న మాట వారంలో ఒక్కసారైనా వింటాను. ఆ మాట అనుకుని మంచి వయసులో ఉన్నవాళ్లు చేతులెత్తేస్తుంటే చూడలేను. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఆ నిజం నుంచి మనవాళ్లు తీసే అర్థమే తలకిందులుగా ఉంది.

చెరువు లెక్కన చెప్తే తొందరగా అర్థమవుతుంది. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల మధ్య పెరిగినవాళ్లం మనం. వానాకాలంలో ఒక చెరువు కట్టకు గండి పడిందనుకోండి. వాన వల్ల పడిందా, కట్ట బలం లేక పడిందా? మత్తడి సరిగా పారని చెరువుకు, ఎలుక బొరియలు పూడ్చని కట్టకు మామూలు వానకే గండి పడుతుంది. మూడు రోజులు ఏకధాటిగా కుండపోత కురిస్తే ఎంత గట్టి కట్టయినా ఆగదు. వాన పడని ఏడు మాత్రం ఎంత పాత కట్టయినా తెగదు.

ఒంట్లో జరిగేదీ ఇలాంటిదే. తంబాకులో నైట్రోసమైన్లనే రసాయనాలుంటాయి. అవి నోట్లోకి రాగానే డీఎన్‌ఏను దెబ్బతీయవు. వాటిని బయటికి పంపే ప్రయత్నంలో మన ఒంట్లోని కొన్ని ఎంజైములే ముందు వాటిని ఇంకా చురుకైన రూపంలోకి మారుస్తాయి. అది చెరువులోకి నీళ్లు తెచ్చే వాగు అనుకోండి. మరికొన్ని ఎంజైములు ఆ విషాన్ని నీళ్లలో కరిగేలా చేసి మూత్రంలోకి పంపేస్తాయి. అది మత్తడి. తప్పించుకున్నది డీఎన్‌ఏకు అతుక్కుంటే ఆ దెబ్బను కత్తిరించి, సరిచేసే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. వాళ్లు కట్ట మీద తిరుగుతూ బొరియలు పూడ్చే నీరటి వాళ్లు. ఈ మూడు పనులు చేసే జన్యువులు మనిషి మనిషికీ కొంచెం తేడాగా ఉంటాయి. అందుకే ఒకే గుట్కా, ఒకే లెక్కన తిన్న ఇద్దరిలో ఒకరి నోట్లో జరిగే నష్టం ఇంకొకరి కన్నా ఎక్కువ కావచ్చు.

‘అయితే ఎంత శాతం జన్యువు, ఎంత శాతం అలవాటు?’ అని చాలామంది అడుగుతారు. భూమి పంచుకున్నట్టు ఇది పంచగలిగేది కాదు. ఒక పాప గురించి చెప్తాను. ములుగు వైపు నుంచి ఎనిమిదేళ్ల పాపను తీసుకొచ్చారు. ముఖమంతా, చేతులంతా నల్లటి మచ్చలు. ముక్కు మీద నెలల తరబడి మానని పుండు. ముక్క తీసి పరీక్షకు పంపితే చర్మ క్యాన్సర్ అని వచ్చింది. తల్లిదండ్రులది మేనరికం. ఆ జబ్బు పేరు జీరోడెర్మా పిగ్మెంటోసమ్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు డీఎన్‌ఏను దెబ్బతీస్తే బాగుచేసే శక్తి ఈ పిల్లలకు పుట్టుకతోనే ఉండదు. ఆ సంగతి జేమ్స్ క్లీవర్ అనే శాస్త్రవేత్త 1968లో కనిపెట్టారు. తల్లి దగ్గర ఒక చెడు కాపీ, తండ్రి దగ్గర ఒకటి, రెండూ పాపకే వచ్చాయి.

ఈ పాప జబ్బులో జన్యువు వాటా ఎంత? నూటికి నూరు. ఎండ వాటా? అదీ నూటికి నూరే. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ముక్కు మీద పుండు లేదు. జన్యువును మేం మార్చలేకపోయాం. ఎండను మార్చాం. ఇంటి కిటికీలకు కిరణాలు ఆపే ఫిల్మ్ వేయించారు. పొడుగు చేతుల బట్టలు, వెడల్పు టోపీ, కళ్లద్దాలు, విటమిన్ డి మందు పెట్టాం. ఆ తండ్రి స్కూలు టీచర్ల కాళ్లావేళ్లా పడి మధ్యాహ్నం ఆటలు మాన్పించాడు. పాప పొద్దుగూకాక వాకిట్లో ఆడుకుంటుంది. కొత్త పుండ్లు చాలా తగ్గాయి. జన్యువు అంత బలంగా ఉన్న జబ్బులోనే బయటి కారణాన్ని ఆపడం వల్ల ఇంత తేడా వస్తే, మీ విషయంలో ‘మానేసి ఏం లాభం’ అన్న మాట ఎలా నిలుస్తుంది?

కవలల లెక్క కూడా చూడండి. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాల్లో 44,788 జతల కవలలను పరిశీలించి 2000లో ఫలితాలు ప్రచురించారు. మనుషుల మధ్య ముప్పులో కనిపించే తేడాలో వంశపారంపర్యంగా వచ్చేది ప్రోస్టేట్ క్యాన్సర్‌కు 42 శాతం, పెద్దపేగు క్యాన్సర్‌కు 35 శాతం, రొమ్ము క్యాన్సర్‌కు 27 శాతం అని లెక్క తేలింది. ఇవి తక్కువ అంకెలేం కావు. కానీ అదే పరిశీలనలో, అచ్చంగా ఒకే డీఎన్‌ఏ ఉన్న కవలల్లో ఒకరికి క్యాన్సర్ వస్తే రెండోవారికి అదే క్యాన్సర్ రాని జతలే చాలా ఎక్కువ. రక్తంలో రాసిపెట్టి ఉంటే ఇద్దరికీ రావాలి కదా.

ఇప్పుడు జన్యువుల్లో రెండు రకాలను వేరుచేసి చూడాలి. ఒక రకం బలమైనవి, అరుదైనవి. ఒక్క లోపమే ముప్పును ఎన్నో రెట్లు పెంచుతుంది. మొత్తం క్యాన్సర్లలో నూటికి 5 నుంచి 10 మాత్రమే ఇలాంటి లోపాల వల్ల వస్తాయి. రెండో రకం బలహీనమైనవి, దాదాపు అందరిలో ఏదో ఒకటి ఉండేవి. ఇవి తమంతట తాము పెద్దగా ఏమీ చేయవు. బయటి విషం వచ్చినప్పుడే వీటి తేడా బయటపడుతుంది.

రెండో రకానికి మంచి ఉదాహరణ నాట్-2 అనే జన్యువు. టీబీకి వాడే ఐసోనియాజిడ్ మాత్రను ఒంట్లో విరిచేది ఇదే. మన దేశంలో సగం మందికి పైగా ఇది నెమ్మదిగా పనిచేస్తుంది. వాళ్ల ఒంట్లో ఆ మందు ఎక్కువసేపు నిలుస్తుంది. సిగరెట్ పొగలో ఉండే కొన్ని రసాయనాలను విరిచేదీ ఇదే. ఇది నెమ్మదిగా ఉన్నవాళ్లు పొగ తాగితే మూత్రాశయ క్యాన్సర్ ముప్పు, వేగంగా ఉన్న పొగరాయుళ్ల కన్నా ఎక్కువ. పొగ తాగనివాళ్లలో ఈ జన్యువు ఎలా ఉన్నా తేడా దాదాపు కనబడదు. అంటే సగం ఊరికి ఈ ‘లోపం’ ఉంది, పొగ లేనిదే అది లోపమే కాదు.

చైనా, జపాన్, కొరియా వైపు ఇలాంటిదే ఇంకొకటి. అక్కడ ఎంతోమందికి ఆల్కహాల్‌ను పూర్తిగా విరిచే ఎంజైము సరిగా పనిచేయదు. గ్లాసు తాగగానే ముఖం ఎర్రబడుతుంది, ఎసిటాల్డిహైడ్ అనే విషం ఒంట్లో పేరుకుంటుంది. అలాంటివాళ్లు ఎక్కువగా తాగితే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. తాగకపోతే ఆ జన్యువుతో పెద్దగా ఇబ్బంది లేదు. మన దగ్గర ఆ జన్యువు అరుదు. అంతమాత్రాన గుడుంబా, విస్కీ మనకు పడతాయని కాదు. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. తంబాకు, మందు రెండూ ఉన్నవాళ్ల నోట్లో ముప్పు కూడిక లెక్కన కాదు, గుణకారం లెక్కన పెరుగుతుంది.

ఇంకో చిత్రమైన దారి కూడా ఉంది, ఇది మీకు ప్రత్యేకంగా చెప్పాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో సంబంధం ఉన్న ఒక జన్యు మార్పును 15వ క్రోమోజోమ్ మీద 2008లో గుర్తించారు. అది ఉన్నది నికోటిన్ అతుక్కునే చోటును తయారుచేసే జన్యువుల దగ్గర. ఆ మార్పు ఉన్నవాళ్లకు నికోటిన్ మీద యావ ఎక్కువ, వదలడం కష్టం, అందుకని పొగ ఎక్కువ లోపలికి పోతుంది. జన్యువు పని అలవాటు ద్వారానే జరుగుతోంది చూడండి. మీరు మానాలని మూడుసార్లు ప్రయత్నించి ఓడిపోయానని రాశారు. అది మీ బలహీనత అని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. కొందరికి ఇది నిజంగానే ఎక్కువ కష్టం. కష్టం ఎక్కువ అంటే సాయం ఎక్కువ కావాలని అర్థం.

ఇక తాత సంగతి. ఏళ్ల తరబడి పొగ తాగేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చేది నూటికి 10 నుంచి 15 మందికి. కాబట్టి క్యాన్సర్ రాని తాతలే ఎక్కువ కనబడతారు. కానీ పొగ క్యాన్సర్‌తోనే చంపదు. గుండెపోటు, పక్షవాతం, దమ్ము అన్నీ కలిపి చూస్తే మానని పొగరాయుళ్లలో దాదాపు సగం మంది ఆ అలవాటు వల్లే పోతారు. తాత కట్ట గట్టిదే కావచ్చు. మీకు ఆయన జన్యువుల్లో నాలుగో వంతే వచ్చింది, అందులో ఏ భాగం వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆయన కొడుకులిద్దరికీ ఆ కట్ట రాలేదన్నది మీరే రాశారు.

మీ నాన్న, పెద్దనాన్న సంగతికి వస్తాను. ఒకరు తంబాకు, ఒకరు బీడీ. నోరు, గొంతు. ఈ రెండు క్యాన్సర్లకూ కారణం కళ్లముందే ఉంది. ఇద్దరు అన్నదమ్ములు ఒకే ఇంట్లో పెరిగారు, తండ్రి చుట్ట పొగలో పెరిగారు, ఒకే వయసులో అలవాటు చేసుకుని ఉంటారు. ఒకే కుటుంబంలో రెండు మూడు క్యాన్సర్లు ఉన్నంత మాత్రాన అది జన్యువు కాదు. కుటుంబం జన్యువులతో పాటు పొయ్యిని, పొగను, అలవాట్లను, ఒక్కోసారి వైరస్‌ను కూడా పంచుకుంటుంది.

వైరస్ అని ఎందుకన్నానంటే, నేను మరచిపోలేని ఇల్లు ఒకటుంది. జనగామ వైపు ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురికీ కాలేయ క్యాన్సర్, ఆరేళ్ల వ్యవధిలో. ఊళ్లో బాణామతి చేశారన్నారు. పాలివాళ్ల మీద అనుమానపడి మాటలు బంద్ చేసుకున్నారు, ఇల్లు మారారు. మూడో ఆయన నా దగ్గరకు వచ్చినప్పుడు రక్త పరీక్ష చేస్తే హెపటైటిస్-బి. వాళ్లమ్మను పిలిపించి చూస్తే ఆమెకూ ఉంది. పుట్టేటప్పుడు తల్లి నుంచి బిడ్డలకు సోకింది. పుట్టుకలో సోకితే నూటికి 90 మందిలో అది జీవితాంతం నిలిచిపోతుంది, పెద్దయ్యాక సోకితే చాలావరకు పోతుంది. దాని మీద ముగ్గురికీ గుడుంబా అలవాటు. జన్యువూ కాదు, బాణామతీ కాదు. ఆ ఇంట్లో మిగిలిన ఇద్దరు అక్కలకు, పిల్లలందరికీ పరీక్ష చేయించాం. ఒక అక్కకు ఉంది, మందులు వాడుతోంది, ఆరు నెలలకోసారి స్కానింగ్‌కు వస్తుంది, కాలేయం బాగుంది. పిల్లలకు టీకాలు వేయించాం. మొదటి అన్నకు వచ్చినప్పుడే ఎవరైనా ఆ ఒక్క పరీక్ష చేయించి ఉంటే అని ఇప్పటికీ బాధపడతాను.

ఈ హెపటైటిస్-బి విషయంలోనే ముప్పులు ఎలా గుణించుకుంటాయో షాంఘైలో 18,000 మందికి పైగా మగవాళ్ల మీద చేసిన పరిశీలన చూపించింది. బూజు పట్టిన మక్కలు, పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఆ విషం ఒక్కటే తగిలినవాళ్లకు కాలేయ క్యాన్సర్ ముప్పు 3 రెట్లకు పైగా, వైరస్ ఒక్కటే ఉన్నవాళ్లకు 7 రెట్లు, రెండూ ఉన్నవాళ్లకు 60 రెట్లకు దగ్గరగా. ఎనుమాముల మార్కెట్‌కు మక్కలు, మిర్చి తెచ్చే రైతులకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. తడిసి బూజు పట్టిన గింజలు ‘ఇంట్లోకి పనికొస్తాయి’ అని ఉంచుకోవద్దు. కడిగినా, వండినా ఆ విషం పూర్తిగా పోదు.

మీ కుటుంబంలో నన్ను నిజంగా ఆపిన విషయం వేరే. మీరు మాటల్లో మాటగా రాసిన ఇద్దరు ఆడవాళ్లు. మేనత్తకు 43 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్. ఆమె తల్లి, అంటే మీ నాన్నమ్మ, 50 లోపే కడుపులో గడ్డ, నీరు పట్టి పోయింది. ఆ గడ్డ అండాశయానిది కావచ్చు. ఆ రోజుల్లో ఎవరూ పరీక్ష చేయలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేం. కానీ చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్, అదే వైపు బంధువుకు అండాశయ క్యాన్సర్ అనుమానం, ఈ రెండూ కలిస్తే బీఆర్‌సీఏ జన్యువుల గురించి ఆలోచించి తీరాలి.

బీఆర్‌సీఏ-1 ఆచూకీని 17వ క్రోమోజోమ్ మీద 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ అనే శాస్త్రవేత్త చూపించారు. 1994లో జన్యువునే పట్టుకున్నారు, మరుసటి ఏడు బీఆర్‌సీఏ-2. ఇవి డీఎన్‌ఏను బాగుచేసే జన్యువులే, ఇందాక చెప్పిన నీరటి వాళ్లు. వీటిలో లోపం ఉన్న ఆడవాళ్లలో 80 ఏళ్లు వచ్చేసరికి నూటికి 70 మందికి దగ్గరగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అండాశయ క్యాన్సర్ బీఆర్‌సీఏ-1 లోపంలో నూటికి 44, బీఆర్‌సీఏ-2 లోపంలో 17.

మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఒకటుంది. ‘రొమ్ము క్యాన్సర్ అమ్మ తరఫు నుంచే వస్తుంది’ అనుకుంటారు. కాదు. ఈ లోపం తండ్రి ద్వారా కూడా వస్తుంది. నాన్నమ్మకు ఉంటే మీ నాన్నకు వచ్చే అవకాశం సగం, ఆయనకు వచ్చి ఉంటే మీకూ, చెల్లెలికీ చెరో సగం. మగవాళ్లకు కూడా, ముఖ్యంగా బీఆర్‌సీఏ-2 లోపంలో, ప్రోస్టేట్, క్లోమం, అరుదుగా రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఇంకో మాట, దీనికీ మేనరికానికీ సంబంధం లేదు. ఒక్క చెడు కాపీ చాలు. మేనరికం వల్ల పెరిగేది ఆ ములుగు పాపకు వచ్చినలాంటి, రెండు కాపీలూ చెడితేనే వచ్చే జబ్బులు.

ఇంత బలమైన జన్యువు విషయంలో కూడా బయటి ప్రపంచం పాత్ర ఎంతో చూడండి. మేరీ-క్లెయిర్ కింగ్ బృందం 2003లో న్యూయార్క్ యూదు కుటుంబాల మీద ఒక పరిశీలన ప్రచురించింది. బీఆర్‌సీఏ లోపం ఉన్న ఆడవాళ్లలో 1940కి ముందు పుట్టినవాళ్లకు 50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ ముప్పు నూటికి 24. 1940 తర్వాత పుట్టినవాళ్లకు 67. జన్యువు అదే, అవే కుటుంబాలు, మారింది కాలం, బతుకు తీరు. చిన్న వయసులో ఒంటి శ్రమ చేసినవాళ్లకు, బరువు పెరగనివాళ్లకు జబ్బు ఆలస్యంగా వచ్చిందని కూడా వాళ్లు గమనించారు. అందుకే చెల్లెలికి రిపోర్టు ఏదొచ్చినా, ఆమె నడక, బరువు, పిల్లలకు పాలివ్వడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మరమ్మతు జన్యువులో లోపం ఉన్నవాళ్లకు 30 ఏళ్లలోపు ఛాతీకి తగిలే రేడియేషన్ కూడా ముప్పు పెంచుతుందని 2012లో వచ్చిన ఒక పరిశీలన చెప్తోంది. అవసరమైన ఎక్స్‌రే మానుకోమని కాదు. ఊరికే భయానికి సీటీ స్కాన్లు తీయించుకోవద్దని.

మరి టెస్ట్ మేనత్తకే ముందు ఎందుకు? జబ్బు వచ్చిన మనిషిలో వెతికితేనే లోపం ఉందో లేదో స్పష్టంగా తెలుస్తుంది. ఆమెలో ఫలానా లోపం దొరికితే, మీరూ చెల్లెలూ ఆ ఒక్క లోపం కోసమే చిన్న పరీక్ష చేయించుకుంటే చాలు, ఖర్చూ తక్కువ, జవాబూ ఖాయం. ముందు చెల్లెలికి చేయించి ‘ఏమీ లేదు’ అని వస్తే దానికి రెండు అర్థాలు. కుటుంబంలో లోపం ఉండి ఆమెకు రాకపోయి ఉండొచ్చు, లేదా ఆ పరీక్షకు అందని లోపం ఉండొచ్చు. ఏదో తెలియక ఊగిసలాట మిగులుతుంది. మేనత్త ఆపరేషన్ కాగితాలు, బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్టు వెతికి పెట్టుకోండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. టెస్టుకు ముందు జెనెటిక్ కౌన్సెలింగ్ చేసేవాళ్లతో తప్పకుండా మాట్లాడండి, ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకుని ఉమ్మి పంపే పని చేయొద్దు.

ఆ కిట్ల మీద నాకు కోపం ఉంది, కారణం చెప్తాను. మూడేళ్ల కిందట ఒకాయన రంగురంగుల రిపోర్టు పట్టుకొచ్చాడు. ‘నోటి క్యాన్సర్ ముప్పు: తక్కువ’ అని అందులో ఉంది. ఆ కాగితం చూసుకుని జర్దా రెట్టింపు చేశాడు. నా దగ్గరకు వచ్చేసరికి బుగ్గ లోపల పుండు, మెడలో గడ్డ. బలహీనమైన జన్యువులను కూడి చెప్పే ఇలాంటి లెక్కలు ఎక్కువగా ఇతర దేశాలవాళ్ల డీఎన్‌ఏ మీద తయారైనవి, మనకు అంతే సరిపోతాయని చెప్పలేం. పైగా మత్తడి బాగుందని చెప్పి చెరువులోకి వరద వదలరు కదా. మంచి ల్యాబులో చేసినా ఒక్కోసారి ‘అర్థం తేలని మార్పు’ అని రిపోర్టు వస్తుంది. భారతీయుల సమాచారం తక్కువగా ఉన్నందున మనలో ఇది ఎక్కువ. దాన్ని చూసి టెన్షన్ పడి ఏ ఆపరేషన్‌కూ తొందరపడకూడదు. అలాంటి మార్పుల్లో చాలావరకు తర్వాత హానిలేనివని తేలుతుంటాయి.

మేనత్తకు లోపం తేలి, చెల్లెలికీ ఉందని వస్తే ఏం చేస్తారని మీరు భయపడుతున్నారు. చేయడానికి చాలా ఉంది. 25 ఏళ్ల నుంచి ఏడాదికోసారి రొమ్ముకు ఎంఆర్ఐ, 30 నుంచి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా. పిల్లలు పుట్టాక, డాక్టర్‌తో మాట్లాడుకుని, తగిన వయసులో అండాశయాలు తీయించుకోవడం. భూపాలపల్లి దగ్గరి ఒక ఆమెకు 34 ఏళ్లకు జబ్బు వచ్చి లోపం తేలితే, 41 ఏళ్ల అక్క కూడా పరీక్ష చేయించుకుంది. ఆమెకూ ఉంది. ముందు రెండు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత అండాశయాలు తీయించుకుంది. ఆ తీసిన కణజాలంలో అప్పుడే మొదలైన మార్పులు కనిపించాయి. ఇప్పుడు ఏటా పత్తి ఏరడం అయిపోయాక వచ్చి స్కాన్ చేయించుకుని పోతుంది. పెళ్లి కాని చెల్లెలికి ఈ విషయం ఊళ్లో తెలిస్తే సంబంధాలు రావేమోనన్న భయం మీ ఉత్తరంలో కనబడింది. ఆ భయం నిజమైనదే. రిపోర్టు ఆమెది, ఎవరికి చెప్పాలన్నది ఆమె ఇష్టం. పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నదీ ఆమే తేల్చుకోవాలి. ఇంట్లో మగవాళ్లు తేల్చేది కాదు.

పత్తికి మందు కొట్టడం గురించి కూడా ఒక ముక్క అడిగారు. పురుగుమందుల్లో లిండేన్ మనుషుల్లో క్యాన్సర్ కారకమని, డీడీటీ, మలాథియాన్ బహుశా కారకాలని 2015లో వర్గీకరించారు. కానీ ఒక మనిషికి వచ్చిన క్యాన్సర్‌ను చూసి ‘ఇది మందు కొట్టడం వల్లే’ అని నేను చెప్పలేను. మాస్కు, చేతి తొడుగులు, గాలివాటం చూసి కొట్టడం, ఇంటికి రాగానే స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకడం, ఇవి ఎలాగూ చేయాల్సినవే. ఎనిమిదేళ్ల గుట్కా పక్కన పెట్టి పత్తి మందు గురించి దిగులుపడితే మాత్రం పెద్ద వరదను వదిలేసి చినుకును చూసినట్టే.

ఇప్పుడు మీ నోరు. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ కంగారుపెట్టింది. అద్దం ముందు నిలబడి మీ చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పెట్టి పళ్ల మధ్య పట్టించి చూడండి. మూడూ పట్టకపోతే లోపలి పొర గట్టిపడుతోందన్నమాట. దీనికి కారణం ముఖ్యంగా వక్క. గుట్కాలో తంబాకు ఒక్కటే చెడ్డదనుకుని ‘తంబాకు లేని’ పాన్ మసాలాకు మారేవాళ్లను ఎంతమందినో చూశాను. వక్క దానంతట అదే క్యాన్సర్ కారకమని 2004లోనే తేల్చారు. ఈ గట్టిపడటం కూడా వక్క నమిలే అందరికీ రాదు, కొందరికి కొద్దికాలానికే వస్తుంది. అంటే ఈ విషయంలో మీ కట్ట బలం ఎంతో మీ నోరే చెప్పేసింది, ఏ జీన్ టెస్టూ అక్కర్లేదు. గట్టిపడిన పొర పూర్తిగా మామూలు కాదు, కానీ వక్క ఆపితే ముదరడం ఆగవచ్చు. వక్క కొనసాగితే కొందరిలో అదే క్యాన్సర్ అవుతుంది. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే డాక్టర్ ముక్క పరీక్ష చేయమంటారు. వద్దనకండి. ‘కత్తి తగిలితే పాకుతుంది’ అన్న మాట అబద్ధం.

మానడానికి వయసు మీకు ఇంకా కలిసొస్తుంది. బ్రిటన్‌లో 34,000 మందికి పైగా మగ డాక్టర్లను 1951 నుంచి 50 ఏళ్లు గమనించారు. సిగరెట్ మానని వాళ్లు సగటున పదేళ్లు ముందే పోయారు. 30 ఏళ్లకు మానినవాళ్లు ఆ పదేళ్లనూ దాదాపు పూర్తిగా తిరిగి సంపాదించుకున్నారు, 50కి మానినవాళ్లు ఆరేళ్లు. అది సిగరెట్ లెక్క, గుట్కాకు అచ్చంగా అదే అంకె చెప్పలేను. నోటి విషయంలో కూడా మానిన ఏళ్లు గడిచేకొద్దీ ముప్పు తగ్గుతుందని మాత్రం ఖాయం. 1800-11-2356 పొగాకు మాన్పించే జాతీయ ఫోన్ లైను, డబ్బులు పడవు. నికోటిన్ చూయింగ్ గమ్ నోరు తెరుచుకోని మీలాంటివాళ్లకు కష్టం, ప్యాచ్ గురించి డాక్టర్‌ను అడగండి. మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం ఎక్కువ. ఆ రోజుల్లో జేబులో పాకెట్ ఉంచుకోకండి, పాన్ డబ్బా ఉన్న దారిలో వెళ్లకండి.

నోటి పరీక్ష అయ్యాక వాళ్లేం చెప్పారో, మూడు వేళ్లలో ఎన్ని పట్టాయో ఇక్కడే రాయండి. మేనత్త కాగితాలు దొరికితే బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్-2 అని ఉంటాయి, క్యాన్సర్ కణాల్లో వెతికే మూడు గుర్తులవి. వాటి ఎదురుగా ఏం రాసుందో కూడా చెప్పండి. మూడూ నెగెటివ్ అయితే జీన్ టెస్ట్ ఇంకా తొందరగా చేయించాలి.